ట్యాప్ మాత్రం వద్దు చిన్నీ

చిన్నీ,

1966 ట్రయంఫ్ 650 బైకు కొన్నావని, ఇంజన్ నువ్వే విప్పుతానంటున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మా పిల్ల స్పానర్ పట్టిందని మీ పెద్దమ్మకి ఆ రాత్రి రెండుసార్లు చెప్పుకున్నాను. తర్వాత నిద్ర పట్టలేదు. ఎందుకంటే వాడు ఇంకో ముక్క కూడా అన్నాడు, ఆయిల్ పైపుకి ట్యాప్ బిగిస్తున్నావని.

ముందు పొగ సంగతి. నెల్లాళ్ళు నిలబెట్టి స్టార్ట్ చేస్తే గుప్పుమని నీలం పొగ వచ్చిందట, పిస్టన్ రింగులు పోయాయని తేల్చేశావట. అంత తొందరేంటే నీకు? రింగులు పోతే బండి లాగుతున్నంతసేపూ పొగ వస్తుంది. థ్రాటిల్ మూసి కాసేపు దొర్లనిచ్చి మళ్ళీ తిప్పగానే వస్తే వాల్వ్ గైడ్లు, అంటే వాల్వులు ఆడే గొట్టాలు, అరిగినట్టు. నిలబెట్టాక మొదటి ఐదు నిమిషాలే వచ్చి ఆగిపోతోందంటే, ఆయిల్ ట్యాంకులోని ఆయిల్, పంపులో ఉండే బాల్ వాల్వు దగ్గర మెల్లగా జారి ఇంజన్ అడుగున ఉండే క్రాంక్‌కేస్‌లో చేరిందన్నమాట. లెవెల్ తగ్గిందని ట్యాంకులో ఇంకాస్త పోశావా? పోసే ఉంటావు, నేనూ పోశాను.

ఇంజన్ కింద ఆయిల్ వదిలే ప్లగ్ విప్పి గిన్నె పెట్టు. నాలుగు చెంచాలు వస్తే ఫరవాలేదు, అర లీటరు వస్తే దొంగ దొరికినట్టే. ఆ ఆయిల్ వేళ్ళ మధ్య రుద్ది ఎండలో చూడు, లోహపు తళుకులుంటే ఇంజన్ విప్పాల్సిందే, అప్పుడు క్రాంక్‌లో మడ్డి పేరుకునే గొట్టం కూడా కడగాలి. తళుకుల్లేకపోతే ప్లగ్ బిగించి, స్టార్ట్ చేసి, ట్యాంకు మూత తీసి టార్చి వెయ్యి. ఇంజన్ నుంచి తిరిగొచ్చే రిటర్న్ పైపులోంచి ఆయిల్ మొదట ధారగా వస్తుంది, కాసేపటికి గాలి కలిసి తుప్పుతుప్పున ఉమ్ముతుంది. భయపడకు, ఆయిల్‌ని వెనక్కి లాగే ప్లంజరు, అంటే పంపులో ఆడే కడ్డీ, ముందుకి తోసేదానికంటే పెద్దది, అందుకే గాలి కూడా లాగుతుంది. నిమిషమైనా చుక్క రాకపోతే మాత్రం వెంటనే ఆపెయ్యి.

ఇక ట్యాప్. నాకూ ఇదే బుద్ధి పుట్టింది. ట్యాంకుకీ పంపుకీ మధ్య చిన్న ఇత్తడి ట్యాప్ పెట్టాను. రాత్రి మూస్తాను, పొద్దున తెరుస్తాను, మరిచిపోకుండా హ్యాండిల్‌కి ఎర్ర గుడ్డ కూడా కట్టాను. కొన్ని నెలలు బ్రహ్మాండంగా నడిచింది. ఒకరోజు పొద్దున్నే హడావిడి. ట్యాంకులో ఆయిల్ చూశాను, గీత దాకా నిండుగా ఉంది, ఎంత జాగ్రత్తపరుణ్ణో అనుకుంటూ కిక్ కొట్టాను. ఎర్ర గుడ్డ అంతకు ముందు వారమే మాసిందని తీసేశాను. లోపల మిగిలిన ఆయిల్‌తో ఇంజన్ కాసేపు మామూలుగానే తిరిగింది, అదే మోసం. తర్వాత ఇనుము కాలిన వాసన, కింద నుంచి టకటకమని చప్పుడు, క్లచ్ పట్టుకునేలోపే ఇంజన్ బిగుసుకుపోయి వెనక చక్రం జారింది. తర్వాత విప్పితే బిగ్ ఎండ్, అంటే కనెక్టింగ్ రాడ్ క్రాంక్ మీద తిరిగే చోటు, నీలంగా కమిలిపోయి ఉంది. ట్యాంకులో ఆయిల్ మాత్రం గీత దాకా అలాగే, శుభ్రంగా.

వెనక సీట్లో మీ నాన్న ఉన్నాడు. మోకాలి మీద మచ్చ చూపించి జామచెట్టు మీంచి పడ్డానని నీకు చెప్పాడే, అది చెట్టు కాదు. మా నాన్నకి కూడా వాడు అదే చెప్పాడు, ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు నువ్వు ట్యాప్ పెడుతున్నావని నాకు ఫోన్ చేశాడంటే ఊరికే చేశాడనుకుంటున్నావా?

పంపు విప్పి బంతుల్నీ అవి కూర్చునే చోటునీ కిరసనాయిలుతో కడుగు, చాలామటుకు ఒక నలుసే ఉంటుంది అక్కడ. అయినా జారుతుంటే జారనీ, నెలకోసారి కింద ప్లగ్ విప్పి వచ్చింది వడకట్టి పైన పోసుకో. ఒళ్ళు వంచడానికి బద్ధకమా?

ఆ రిటర్న్ ధార వీడియో తీసి నాకు పంపు. ఇప్పటికే ట్యాప్ బిగించేసి ఉంటే, అది ఊడదీసేదాకా మీ నాన్నని వెనక ఎక్కించుకోకు.

మీ పెదనాన్న