చందా పుస్తకం అచ్చు వేయించే ముందు

బడి, ఇల్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో 210 మంది పిల్లలు. తాగునీటికి ఆర్వో ప్లాంటు పెట్టిద్దామని తల్లిదండ్రుల కమిటీలో అనుకున్నాం. పూర్వ విద్యార్థులు తలా కొంత వేస్తామంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– కమిటీ సభ్యురాలు, కనిగిరి ప్రాంతం

జవాబు: ముందు బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుకు పంపండి. రిపోర్టులో టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం), ఫ్లోరైడ్ అంకెలు చూడండి. లీటరుకు టీడీఎస్ 500 మిల్లీగ్రాములలోపు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాములోపు ఉంటే ఆర్వో అక్కర్లేదు. ట్యాంకు కడిగించి, క్లోరిన్ కలిపి, మామూలు ఫిల్టరు పెడితే సరిపోతుంది. అయితే మీ వైపు ఫ్లోరైడ్ పాత పీడే కాబట్టి ఆర్వో అవసరమే కావచ్చు. ఏదైనా రిపోర్టు చేతిలో పెట్టుకునే తేల్చండి.

తర్వాత సైజు. బడి వేళలో ఒక్కో పిల్లకి లీటరున్నర చొప్పున లెక్కేసినా రోజుకు 315 లీటర్లు. గంటకు 100 లీటర్లు తీసే మిషను మూడు గంటల పైచిలుకు నడిస్తే చాలు. అమ్మేవాళ్లు 500 లీటర్లది చూపిస్తారు, మొహమాటపడకండి. మిషను కన్నా కుళాయిలు ముఖ్యం. పది నిమిషాల ఇంటర్వెల్లో 210 మంది రెండు కుళాయిల దగ్గర నీళ్లు తాగలేరు, చిన్న క్లాసుల వాళ్లు తోపులాటకు భయపడి తాగకుండానే వెళ్లిపోతారు. కనీసం ఎనిమిది ఉండాలి, వాటిలో రెండు ఆరో తరగతి పిల్లలకు అందే ఎత్తులో. గట్టు, రేకుల షెడ్డు, వైరింగు, మిషను వదిలేసే ఉప్పునీరు పోయే కాలువ కూడా ఎస్టిమేటులో రాయండి. డబ్బంతా మిషనుకే పెట్టేసి వీటి దగ్గర ఆగిపోయిన బళ్లు చాలా ఉన్నాయి.

ఇక నిర్వహణ. మట్టిని ఆపే కార్ట్రిడ్జి సుమారు మూడు నెలలకోసారి మార్చాలి. కార్బన్ ఫిల్టరు పని అయిపోయినా మార్చకపోతే నీళ్లలోని క్లోరిన్ నేరుగా మెంబ్రేనుకు, అంటే ఉప్పును ఆపే పొరకు తగిలి దాన్ని పాడుచేస్తుంది. మిషన్లో ఖరీదైన వస్తువు ఆ మెంబ్రేనే. బాగా చూసుకుంటే రెండు మూడేళ్లు వస్తుంది. అసలు దెబ్బ వేసవి సెలవుల్లో పడుతుంది. ఏప్రిల్ చివర కట్టేసిన మిషన్లో నీళ్లు నిలిచి పాచి పడుతుంది. జూన్ 12న బడి తెరిచి స్విచ్ వేస్తే వాసన నీళ్లు వస్తాయి. సెలవుల్లో వారానికోసారి అరగంట నడిపే మనిషిని ఇప్పుడే మాట్లాడుకోండి. తెరిచే ముందు ట్యాంకు కడిగించి, మొదట వచ్చిన నీళ్లు పారబోయించండి. రెండేళ్ల ఫిల్టర్ల ఖర్చు కూడా చందాలోనే వసూలు చేయండి. మిషను కొనడానికి దాతలు దొరుకుతారు. ఫిల్టరు మీద పాలరాతి ఫలకం పెట్టలేం కదా, దానికి ఎవరూ దొరకరు.

ఇవన్నీ తేలాక మూడు కొటేషన్లు తీసుకుని, కమిటీలో తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో రాయండి. డబ్బు ప్రధానోపాధ్యాయుడూ కమిటీ చైర్మనూ ఇద్దరి సంతకంతో నడిచే ఖాతాలోనే పడాలి. ఎంత నమ్మకస్థుడైనా ఒకరి సొంత ఫోన్‌పే నంబరు వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. అది ఆయన సొంత డబ్బుతో కలిసిపోయి, నెల తిరిగేసరికి లెక్క ఆయనకే అంతుపట్టదు. వరుస నంబర్లున్న రసీదులు, రెండో ప్రతితో సహా ఉండాలి. జమ, ఖర్చు నోటీసు బోర్డు మీద పెట్టండి. దాతల పేర్లు మాత్రం అంకెలు లేకుండా అక్షర క్రమంలో రాస్తే మేలు. యాభై ఇచ్చిన కూలీ తల్లి తన పేరు అట్టడుగున చూసుకుంటే మళ్లీ మీటింగుకు రాదు.

ఒక మాట. 101 నుంచి 250 మంది పిల్లలున్న సర్కారు బడికి సమగ్ర శిక్ష పథకం కింద వచ్చే కాంపోజిట్ గ్రాంటు (బడి నిర్వహణ ఖర్చుల సొమ్ము) ఏడాదికి రూ.50 వేలు. అందులో ఎంత వచ్చింది, దేనికి పోయింది అని చందాకు ముందే అడగండి. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలే ఉండాలి. గ్రాంటు ఖర్చును చూడటం ఆ కమిటీ పనుల్లో ఒకటి.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. స్నేహితులతో కలిసి ఊరి బడికి డబ్బు పంపుతానంటున్నాడు. కొందరు అక్కడి పౌరసత్వం తీసుకున్నారు. నేరుగా పంపవచ్చా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: వీసా మీదున్నా, గ్రీన్ కార్డున్నా, చేతిలో భారత పాస్‌పోర్టు ఉన్నంతవరకు బ్యాంకు ద్వారా పంపే సొంత సంపాదన విదేశీ విరాళం కాదు. కమిటీ ఖాతాకు వేయవచ్చు. పాస్‌పోర్టు నకలు, పంపినవారి ఉత్తరం ఫైల్లో పెట్టండి. అమెరికా పౌరుల సంగతి వేరు. ఓసీఐ కార్డున్నా (విదేశీ పౌరులైన భారత సంతతి వారికి మన ప్రభుత్వం ఇచ్చేది) వాళ్లు విదేశీయులే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేని కమిటీ వాళ్ల డబ్బు తీసుకోకూడదు. అందరిదీ కలిపి మీ అబ్బాయి ఖాతా నుంచి పంపితే చాలదా అని తోస్తుంది, ఆ పని చేయకండి. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ద్వారా వెళ్లవచ్చు. కానీ ఆ చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత అలాంటి సంస్థ విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. కాబట్టి బెంచీలో కంప్యూటర్లో సంస్థే కొని బడికి అప్పగించాలి.

ఇక్కడి దాతలకైతే కేంద్ర విద్యాశాఖ విద్యాంజలి పోర్టల్ ఉంది. బడి తన 11 అంకెల యూడైస్ కోడుతో (ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు) నమోదై కావలసినవి రాస్తుంది. వస్తువులూ సేవలే తీసుకుంటారు, డబ్బు తీసుకోరు.

ప్రశ్న: వార్షికోత్సవం కోసం మా పాపకు ప్రైవేటు స్కూల్లో రూ.50 లక్కీ డ్రా కూపన్లు ఇరవై ఇచ్చి అమ్ముకురమ్మన్నారు. తప్పదా?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: తప్పుతుంది. డబ్బు కట్టించుకుని అదృష్టం మీద బహుమతి ఇస్తే అది లాటరీయే. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ లాటరీలు నిషేధం. కూపన్లన్నీ ఓ ఉత్తరంతో తిప్పి పంపండి, అందినట్టు సంతకం తీసుకోండి. ఒంటరిగా వెళ్లకుండా అదే క్లాసు తల్లిదండ్రులు నలుగురైదుగురు కలిసి వెళ్తే పాప మీద గురి ఉండదు. వేడుకకు డబ్బు కావాలంటే తల్లిదండ్రులే తినుబండారాల స్టాళ్లు పెట్టి, మిగిలింది లెక్క చూపి ఇవ్వవచ్చు.

ప్రశ్న: నాకు చదువు రాదు. కూలికి పోయి పొద్దుగూకాక వస్తాను. మూడో తరగతి బాబుకు ఏం చేయగలను?
– ఒక తల్లి, మక్తల్ (పక్కింటి అమ్మాయి రాసి పంపింది)

జవాబు: వంట చేస్తూ పది నిమిషాలు వాడి చేత తెలుగు వాచకం పైకి చదివించండి. ప్రతి మాట కింద వేలు పెట్టమనండి. మీకు అక్షరాలు రాకపోయినా వాడు ఎక్కడ ఆగాడో, ఎక్కడ గొణిగి దాటేశాడో చెవికి తెలుస్తుంది. అక్కడ ఆపి మళ్లీ చదవమనండి. వేలు కదలకుండా నోరు గడగడా పోతోందంటే బట్టీ పట్టాడన్నమాట. అప్పుడు పేజీ మధ్యలో ఓ మాట చూపించి ఇదేంటని అడగండి. చివర కథ మీకు చెప్పమనండి. కరెంటు బిల్లు, కిరాణా చీటీ, బస్సు బోర్డు వాడి చేతే చదివించండి.

బడి మీటింగు రోజు అరపూట కూలి పోయినా వెళ్లండి. ‘ఎట్లా చదువుతుండు సార్’ అంటే ‘ఫర్వాలేదమ్మా’ అనే జవాబే వస్తుంది. ‘ఏ పాఠం సొంతంగా చదవగలుగుతుండు? వచ్చే మీటింగు దాకా ఇంట్లో ఏం చేయించాలె?’ అని అడగండి. వాచకం చేతికిచ్చి, మీ ముందే ఓ నాలుగు వాక్యాలు చదివించమనండి.