వినూత్నం అంటే కొత్తది కానిదా?

ప్రశ్న: గురువుగారూ, నమస్కారం. ‘విముఖం’, ‘విరూపం’ మాటల్లో ‘వి’ వ్యతిరేకార్థాన్నిస్తోంది. ఆ లెక్కన ‘వినూత్నం’ అంటే కొత్తది కానిదని అర్థం రావాలి కదా? ‘వినూత్న ఆలోచన’, ‘వినూత్నమైన ఆలోచన’, ‘వినూత్నాలోచన’ – వీటిలో ఏది రాయాలి?

సమాధానం: మాటకు ముందు చేరే ‘వి’ అనే ఉపసర్గకు ఒకటే అర్థం లేదు. మీరు చెప్పిన మాటల్లో అది అర్థాన్ని తిరగేస్తుంది. విశుద్ధం, విఖ్యాతం, విస్పష్టం లాంటి మాటల్లో అర్థానికి బలం చేకూరుస్తుంది. విస్పష్టం అంటే స్పష్టం కానిదని ఎవరూ అనుకోరు కదా! వినూత్నం కూడా ఈ వరసలోదే. మిక్కిలి కొత్తది అని అర్థం. ‘చాలా వినూత్నమైన కొత్త ఆలోచన’ అని రాస్తే చెప్పిందే చెప్పినట్టు.

సంస్కృత నిఘంటువు అమరకోశం కొత్తదానికి ప్రత్యగ్ర, అభినవ, నవ్య, నవీన, నూతన, నవ, నూత్న అని ఏడు మాటలు ఒకే చోట ఇచ్చింది. అక్కడివి పర్యాయపదాలే అయినా, తెలుగు వాడుకలో దేని చోటు దానికి కుదిరింది. ఇప్పుడే వచ్చినదాన్ని ‘నూతన’ అంటాం: నూతన సంవత్సరం, నూతన వధూవరులు. ‘వినూత్న సంవత్సర శుభాకాంక్షలు’ అని ఎవరూ చెప్పరు. పాతకాలపు మహనీయుడికి సాటి అనదలిస్తే ‘అభినవ’ వస్తుంది; కవి తుమ్మల సీతారామమూర్తిగారికి ‘అభినవ తిక్కన’ అని బిరుదు. ఇంతకుముందు ఎవరూ తొక్కని దారిలో సాగే ఆలోచనకు, పద్ధతికి, ప్రయోగానికి ‘వినూత్న’ సరిపోతుంది. నిఘంటువు చెప్పే ‘చాలా కొత్త’ కంటే ఈ వాడుకే ఇవాళ బలంగా ఉంది. అందుకే రోడ్డు మీద వంటావార్పు చేసినప్పుడల్లా పేపర్లో ‘వినూత్న నిరసన’ అని హెడ్డింగ్ పెట్టడం నాకు నచ్చదు. ఎన్నో ఉద్యమాల్లో చూసిన పద్ధతే అది.

ఇక రూపాలు. మీరు రాసిన మూడూ ఒప్పే. ‘వినూత్నాలోచన’ సవర్ణదీర్ఘ సంధి చేసిన రూపం, కాస్త గ్రాంథికంగా ఉంటుంది. మామూలు వచనంలో ‘వినూత్నమైన ఆలోచన’ హాయిగా చదువుకోవచ్చు. చోటు తక్కువైతే ‘వినూత్న ఆలోచన’ అని విడిగా రాసినా నేటి వాడుకలో తప్పు పట్టనక్కర్లేదు. క్రియకు ముందైతే ‘వినూత్నంగా ఆలోచించాడు’ అనాలి. ‘నూ’కు దీర్ఘం మాత్రం వదలకండి. ‘వినుత్న’ అనే మాట లేదు. ‘వినుత’ ఉంది గానీ, అది పొగడ్తలందుకున్నదనే వేరే మాట. పక్కన ‘ఐడియా’ లాంటి మాట ఉంటే ‘కొత్త ఐడియా’ అనండి, చెవికి ఇంపుగా ఉంటుంది.