మంత్రుల్ని ఓటేసి ఎన్నుకునే పార్లమెంటు

ప్రశ్న: స్విట్జర్లాండ్‌లో పార్లమెంటు సభ్యులే ఒక్కో మంత్రినీ ఓటేసి ఎన్నుకుంటారని, పెద్ద పార్టీలన్నీ ఒకే ప్రభుత్వంలో ఉంటాయని మా అల్లుడు చెప్పాడండి. మా మండలంలో ఎంపీపీ ఎన్నికకే సభ్యుల్ని బస్సెక్కించి క్యాంపులకు తిప్పారు. అక్కడ కొట్టుకోరా? ప్రభుత్వం పడిపోదా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: మీ అల్లుడుగారు చెప్పింది నిజమేనండి. మొత్తం ఏడుగురే మంత్రులు. బెర్న్‌లో రెండు సభల వాళ్లూ, అంటే 200 మందీ 46 మందీ కలిసి కూర్చుని, ఒక్కో కుర్చీకి విడిగా చీటీ మీద పేరు రాసి రహస్యంగా వేస్తారు, ఎవరికో ఒకరికి సగం దాటి ఓట్లు పడేదాకా మళ్లీ మళ్లీ వేస్తూనే ఉంటారు. ఏ పార్టీకి ఎన్ని కుర్చీలన్నది చట్టంలో లేదు. 1959లో నాలుగు పార్టీలు 2, 2, 2, 1 అని పంచుకున్నాయి, బలాలు మారాక 2003లో ఒక కుర్చీ చేతులు మారింది.

మరి ఎందుకు పంచుకుంటారు? మంచితనం వల్ల కాదు. ఈ ఏడుగురి ప్రభుత్వం మొదలైన 1848 నుంచి 1891 దాకా ఏడు కుర్చీలూ ఒక్క పార్టీవే. 1874లో, చట్టం నచ్చకపోతే సంతకాలు సేకరించి ప్రజల ఓటుకు పెట్టించే హక్కు వచ్చింది, దాంతో ప్రభుత్వం బయట ఉన్న క్యాథలిక్ కన్జర్వేటివ్‌లు చట్టాల్ని ఓడించడం మొదలుపెట్టారు, చివరికి వాళ్లకో కుర్చీ ఇవ్వక తప్పలేదు. ఇప్పుడు 100 రోజుల్లో 50,000 సంతకాలు తెస్తే చాలు. మనకు దాళ్వాలో కాలువకు వంతులు పెట్టడం లాంటిదే ఇది. శివారు రైతుకు నీళ్లందకపోతే అతనొచ్చి లాకుల దగ్గర కూర్చుంటాడని అందరికీ తెలుసు కదా.

గొడవలు లేవని కాదు. 2007లో అప్పటికే మంత్రిగా ఉన్న స్విస్ పీపుల్స్ పార్టీ నాయకుడు బ్లోహర్‌ని కాదని, అదే పార్టీలో అధిష్ఠానం నిలబెట్టని విడ్మర్-ష్లుంఫ్‌ని పార్లమెంటు ఎన్నుకుంది. పార్టీ మండిపడి ఆమె ప్రాంతంలోని శాఖ మొత్తాన్నే బయటకు పంపేసింది. అయినా ఆమె 2015 చివరిదాకా మంత్రిగానే ఉన్నారు.

ప్రభుత్వం పడిపోవడం మాత్రం ఉండదు, అక్కడ అవిశ్వాస తీర్మానమే లేదు, ఎన్నికైతే నాలుగేళ్లు. మన అమలాపురం బాలయోగిగారు స్పీకర్ కుర్చీలో ఉండగా 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది, ఆ రోజు టీవీల ముందు మనకెంత టెన్షనో గుర్తుందా!

నాకు నచ్చని సంగతీ ఉంది. 1848 నుంచి మళ్లీ పోటీచేసి పార్లమెంటులో ఓడిన మంత్రులు నలుగురే. జనం కోపగించుకున్నా ప్రభుత్వం పెద్దగా మారదు. అయినా ఆ పద్ధతిలో మనం తీసుకోవాల్సింది ఒకటుందంటాను. మీ మండలంలో ఆ బస్సులు ఎందుకు? ఒక్క కుర్చీ, వస్తే మొత్తం, రాకపోతే సున్నా. బలాన్ని బట్టి కుర్చీలు పంచుకునే ఆనవాయితీ మండలం స్థాయిలోనైనా మొదలుపెట్టి చూడాలని నా గట్టి కోరిక.

ప్రశ్న: మరి అక్కడ ప్రధానమంత్రి ఎవరు?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: ఎవరూ లేరమ్మా. ఏడుగురిలో ఒకరిని ఏడాదికి అధ్యక్షుడిగా పార్లమెంటే ఎన్నుకుంటుంది, అదీ వంతులవారీగానే. ఆ ఏడాదంతా సమావేశాలు నడుపుతూ తన శాఖ పనీ తనే చూసుకోవాలి.