సెంట్రల్ పార్కులో ఫొటోలు తీయబోతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

వచ్చే ఆదివారం న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఎవరో దంపతులకి సీమంతం ఫొటోలు తీస్తున్నావని అక్కయ్య ఫోన్లో మురిసిపోయింది. పప్పన్నం చేత్తో నా లెన్సు మీద వేలిముద్రలు వేసిన పిల్లవి, నాకూ గర్వంగానే ఉంది. కానీ "200 డాలర్లు ఇస్తారట" అనగానే గుండె గుభేలుమంది.

బ్యాటరీలు, కార్డులు అదనంగా పెట్టుకో. వాన ఉందేమో చూసుకో. ఇవి నీకు తెలిసినవే.

"కెమెరాకి ఇన్సూరెన్స్ ఉందిలే మావయ్యా" అంటావు. అది కెమెరా పోతే నీకు డబ్బిస్తుందంతే. నీ లైట్ స్టాండు ఎవరి మీదైనా పడి చెయ్యి విరిగితే కావాల్సింది లయబిలిటీ, అంటే నీవల్ల ఇంకొకరికి దెబ్బ తగిలితే ఆ ఖర్చు భరించే ఇన్సూరెన్స్. నువ్వు అద్దింటికి తీసుకున్న రెంటర్స్ పాలసీలో అది మామూలుగా లక్ష డాలర్ల నుంచి ఉంటుంది, ఇంటి బయట జరిగినా పనికొస్తుంది. అయితే సరదాకి తీసినంతవరకే. డబ్బు పుచ్చుకుంటే ఇన్సూరెన్స్ వాళ్ల లెక్కలో అది వ్యాపారం, దానికి ఆ పాలసీ పనికిరాదు.

న్యూజెర్సీలో, ఎడిసన్‌లో మాతోపాటు వారాంతాల్లో ఫొటోలు తీసే ఒకతను ఉండేవాడు. స్నేహితుడి కూతురి పుట్టినరోజుకి పార్కులో లైట్ స్టాండు నిలబెట్టి, వెలుగు మెత్తబడ్డానికి దానికి గొడుగు తగిలించాడు. స్టాండు పడకుండా కింద పెట్టే ఇసుక సంచి బరువని కార్లోనే వదిలేశాడు. గాలి పట్టిందంటే ఆ గొడుగు తెరచాపే కదా! అటుగా వెళ్తున్న ఒక పెద్దావిడ మీద పడింది, మణికట్టు విరిగింది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. ఆసుపత్రి బిల్లు చూశాక కొడుకు లాయర్ని పెట్టాడు. ఇన్సూరెన్స్ వాళ్లు మొట్టమొదట అడిగింది "దీనికి డబ్బు తీసుకున్నారా?" అని. తీసుకున్నది 150 డాలర్లు, అదీ వద్దంటున్నా జేబులో కుక్కితే. క్లెయిమ్ కొట్టేశారు. ఇల్లు కొనడానికి దాచుకున్నదంతా దానికే పోయింది. అతను మళ్లీ కెమెరా ముట్టుకోలేదు. మా అందరిలోకీ మంచి కన్ను అతనిదే.

అందుకే చెప్తున్నా, డబ్బు వద్దను. లేదంటే ఫొటోగ్రాఫర్లకిచ్చే జనరల్ లయబిలిటీ పాలసీ తీసుకో, ఒక్కరోజుకి కూడా దొరుకుతుంది. మిలియన్ డాలర్లది చూడు. న్యూయార్క్ సిటీలో చేతిలో కెమెరా, ట్రైపాడ్ వరకూ పర్మిట్ అక్కర్లేదు. లైట్లూ స్టాండులూ దించావంటే పర్మిట్ కావాలి. దానికి మిలియన్ డాలర్ల పాలసీ చూపించాలి, ఆ సర్టిఫికెట్‌లో సిటీ పేరు కూడా చేర్పించాలి. నన్నడిగితే సాయంత్రపు ఎండలో తీసెయ్. కడుపుతో ఉన్న పిల్ల ముఖానికి వేరే లైటెందుకే?

ఇంత చేసినా ఏదైనా జరిగితే, ముందు ఆ మనిషిని చూడు, 911కి ఫోన్ చెయ్యి. "తప్పు నాదే" అని ఒప్పేసుకోవద్దని ఇన్సూరెన్స్ వాళ్లు చెప్తారు. ఒప్పుకోకు. అలాగని బిగుసుకుపోయి దూరంగా నిలబడకు తల్లీ, అంబులెన్స్ వచ్చేదాకా పక్కనే కూర్చో. తర్వాత ఆ చోటు ఫొటోలు తీసి, ఇన్సూరెన్స్ వాళ్లకి అదే రోజు చెప్పు.

పాలసీ కొనేముందు నాకు పంపు. మినహాయింపుల పేజీలు నేను చదువుతాను, నీకంత ఓపిక లేదు. స్టాండు మానవని కూడా నాకు తెలుసు. ఇసుక సంచులు మా గరాజ్‌లో ఉన్నాయి, శనివారం వచ్చి పట్టుకెళ్లు.

మీ మావయ్య