ముందు ఆ ఫోన్ ఎత్తు

ప్రశ్న: మాది మార్కాపురం దగ్గర పల్లెటూరు. నాకు 24 ఏళ్లు, ఆర్మీలో సిపాయిని. పూంఛ్ సెక్టార్‌లో ఎల్‌ఓసీ దగ్గర పోస్టింగ్. 2025 మేలో షెల్లింగ్ జరిగిన రాత్రులన్నీ బంకర్‌లోనే గడిపాను. అప్పుడు బాగానే ఉన్నాను. తర్వాత వానల్లో పెట్రోలింగ్‌కి వెళ్లినప్పుడు నా బడ్డీ, అంటే డ్యూటీలో నాకు జతగా ఉండే సిపాయి, మైను తొక్కాడు. మోకాలి కింద కాలు పోయింది. ఆ రోజు ముందు నడవాల్సింది నేను. జ్వరం నుంచి అప్పుడే లేచానని, ‘నువ్వు వెనక ఉండు’ అని తను ముందుకెళ్లాడు. ఇప్పుడు పుణెలో ఉన్నాడు. ఫోన్ చేస్తుంటాడు, నేను ఎత్తను. లీవులో ఇంటికొచ్చాను. నిద్ర పట్టడం లేదు. నిశ్చితార్థంలో టపాసులు కాలిస్తే నేల మీద బోర్లా పడుకున్నాను. అందరూ నవ్వారు. పెళ్లి మాఘంలో. ఈ సంగతి అమ్మాయి వాళ్లకి చెప్పాలా, పెళ్లయితే అదే సర్దుకుంటుందా?

జవాబు: నా కొడుకు వయసువాడివి, నువ్వు అనే అంటాను.

అడిగినదానికి జవాబు చిన్నదే. చెప్పు. ఆ అమ్మాయికి, ఆమె ఒక్కదానికే చెప్పు. రేపు అర్ధరాత్రి నువ్వు ఉలిక్కిపడి లేస్తే పక్కన ఉండేది ఆమె, కాబట్టి తెలియాల్సింది ఆమెకే. పెద్దల్లో పెట్టి పంచాయితీ చెయ్యకు. పెళ్లయితే సర్దుకుంటుందనే మాట మాత్రం నమ్మొద్దు. నిద్ర లేని మనిషికి మందుగా ఒక ఆడపిల్లని తెచ్చి ఇవ్వడం నాకు ఎప్పుడూ నచ్చదు. నవ్వినవాళ్ల గురించి తర్వాతైనా ఆలోచించనక్కర్లేదు.

నన్ను పట్టుకున్నది వేరే మాట. ‘ఫోన్ చేస్తుంటాడు, నేను ఎత్తను.’ అంత రాసి, దీన్ని మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశావు. షెల్లింగ్ రాత్రుల్లో బాగానే ఉన్నానన్నావు. నిజమే అయ్యుంటుంది, అప్పుడు పక్కన అతను ఉన్నాడు. ఇప్పుడు ఇంట్లో అమ్మ వండిపెడుతున్నా, ఫ్యాను కింద పడుకుంటున్నా నిద్ర రాకపోవడానికి కారణం నువ్వు పెళ్లికూతురి ఇంటివైపు వెతుకుతున్నావు. అది పుణెలో ఉంది.

అతను నిన్ను తిడతాడని భయమా? నాకలా అనిపించడం లేదు. ‘నువ్వెలా ఉన్నావురా’ అని అడుగుతాడని భయం. ఒక్కసారైనా తిట్టేస్తే తేలికపడేవాడివి.

ఎల్‌ఓసీ పొడవునా పాతిన మైన్లు పెట్టినచోట ఉండవని నాకంటే నీకే బాగా తెలుసు. మంచు కరిగినా, వాన పడినా మట్టితోపాటు జారిపోతాయి. నిన్న పదిమంది నడిచిన దారిలోనే ఈ రోజు పదకొండోవాడి కాలు పోతుంది. నువ్వు ముందున్నా నీ అడుగు సరిగ్గా అక్కడే పడేదని ఎవరు చెప్పగలరు? అతనికీ ఇదంతా తెలుసు. తెలిసే ముందుకెళ్లాడు. జ్వరంతో లేచినవాణ్ణి వెనక ఉంచడం బడ్డీగా తన పని అనుకున్నాడు. ఆ పని అతనిది. దాన్ని నీ తప్పుగా మార్చుకుని కూర్చుంటే, అతను ఇష్టపడి చేసినదానికి గౌరవం లేకుండా చేస్తున్నావు. పైగా కాలు పోయి మంచం మీద ఉన్నవాడు నీకు ఫోన్ చేస్తున్నాడు, రెండు కాళ్లూ ఉన్న నువ్వు ఎత్తడం లేదు. ఇది నేను కటువుగానే అంటున్నాను. జరిగినదాంట్లో నీ తప్పు లేదు, ఫోన్ ఎత్తకపోవడంలో ఉంది.

పుణె వెళ్లు. సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కితే మర్నాడు దిగుతావు. అక్కడి ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ 1944 నుంచి సైనికులకి కృత్రిమ కాళ్లు అమర్చి నడక నేర్పుతోంది. మీ బడ్డీ అక్కడే ఉన్నాడేమో, ఫోన్ ఎత్తితే తెలుస్తుంది. వెళ్లాక ధైర్యవచనాలు మొదలుపెట్టకు. కార్గిల్ యుద్ధంలో గాయపడి కాలు పోయిన మేజర్ డి.పి. సింగ్ తర్వాత హాఫ్ మారథాన్లు పరుగెత్తారు, గొప్ప విషయమే. కానీ నీ నోటి నుంచి అతను వినాల్సింది ఆ కథ కాదు. ‘ఫోన్ ఎత్తలేకపోయాను, మొహం చెల్లలేదు’ అను, చాలు. కోపం వస్తే రానీ. మాట్లాడకపోతే పక్కన కూర్చో. నడక ప్రాక్టీసుకి తీసుకెళ్తే వెంట వెళ్లు. వాళ్లమ్మగారు అక్కడ ఉంటే ముందు ఆమె కాళ్లకి దండం పెట్టు. ఆమె ఏమన్నా తలవంచుకుని విను. కొడుక్కి దెబ్బ తగిలిన తల్లి నిన్ను చూడగానే ఏడుస్తుంది, దాన్ని నింద అనుకోకు.

ఇక టపాసుల సంగతి. చప్పుడు వినగానే నేల మీద పడిపోవడం బంకర్‌లో ప్రాణం నిలిపిన అలవాటు. మనసు ఆలోచించేలోపే ఒళ్లు తన పని తాను చేసింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికే, 1915లో, డాక్టర్లు ఇలాంటి వాటి గురించి వైద్య పత్రికల్లో రాశారు. ఆ యుద్ధానికి మన పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం ఊరి నుంచి కూడా వెళ్లారు. తిరిగొచ్చినవాళ్లు ఎన్ని రాత్రులు అరుగుల మీద కూర్చుని తెల్లవార్చారో ఇంట్లో ఆడవాళ్లకి మాత్రమే తెలిసి ఉంటుంది. నీకు ఆ గతి అక్కర్లేదు, దీనికి వైద్యం ఉంది. సికింద్రాబాద్‌లో దిగినప్పుడే మిలిటరీ హాస్పిటల్‌లో చూపించుకో, లేదా యూనిట్‌కి వెళ్లగానే మీ మెడికల్ ఆఫీసర్‌కి చెప్పు. అందాకా నిద్ర పట్టని రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. క్యాంటీన్ రమ్ముతో నిద్ర తెచ్చుకోవద్దు.

చెబితే మెడికల్ కేటగిరీ, అంటే డ్యూటీకి ఎంత ఫిట్ అనే గ్రేడు, తగ్గిస్తారని టెన్షన్ ఉంటుంది. తగ్గించవచ్చు, కొన్నాళ్లు. కానీ నిద్ర లేకుండా తుపాకీ పట్టుకుని పోస్టులో నిలబడితే ప్రమాదం నీ ఒక్కడికే కాదు, నీ వెనక పడుకున్న వాళ్లందరికీ. వెనక ఉన్నవాణ్ణి కాపాడటం అంటే ఏమిటో నీ బడ్డీ చేసి చూపించాడు కదా.

పెళ్లి పత్రికలు అచ్చయ్యాక, మొదటిది అతనికి ఇచ్చే వంకతో వెళ్దామని ఆలోచన వస్తుంది. అందాకా ఆగకు. లీవు అయిపోకముందే, ఈ వారమే బయల్దేరు.