ఆ రిపోర్టు తప్పు కాదు, ఆలస్యం చేయకండి

ప్రశ్న: నా వయసు 27. నాలుగు నెలలుగా కుడి వృషణం గట్టిపడి బరువుగా ఉంది. నొప్పి లేదు. ఈమధ్య రొమ్ములు కూడా కాస్త పెరిగాయి, ముట్టుకుంటే నొప్పి. స్కానింగ్‌లో గడ్డ ఉందన్నారు. రక్తపరీక్షలో బీటా హెచ్‌సీజీ 310 వచ్చింది, ఏఎఫ్‌పీ నార్మల్. హెచ్‌సీజీ గర్భిణులకు చేసే పరీక్ష కదా, ల్యాబ్ వాళ్లు పొరబడ్డారా? జన్యువుల్లో మార్పు వల్ల ఇలా అవుతుందని చదివాను. నా పిల్లలకూ వస్తుందా? పెళ్లి కుదిరింది, చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వృషణంలో గడ్డ, రొమ్ముల పెరుగుదల, హెచ్‌సీజీ మూడూ ఒకే దారి చూపిస్తున్నాయి కాబట్టి ల్యాబ్ పొరపాటు అనుకుని రోజులు పోనివ్వకండి. ఇది వృషణ క్యాన్సర్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఈ వారంలోనే యూరాలజిస్టును కలవండి.

హెచ్‌సీజీ అనేది గర్భిణుల్లో మాయ (ప్లాసెంటా) తయారుచేసే హార్మోను. దాన్ని తయారుచేసే జన్యువులు మగవారిలోనూ ఉంటాయి. అవి మామూలుగా దాదాపు నిద్రపోతూ ఉంటాయి కాబట్టి రక్తంలో ఆ హార్మోను 5 యూనిట్ల లోపే కనిపిస్తుంది. వృషణ క్యాన్సర్లలో ఎక్కువ భాగం బీజకణాల (వీర్యకణాలకు మూలమైన కణాలు) నుంచి పుడతాయి. ఆ గడ్డల్లో కొన్ని కణాలు మాయలోని కణాల్లా మారిపోయి ఈ జన్యువులను మేల్కొలుపుతాయి. మీరు చదివిన ‘జన్యు మార్పు’ ఇదే. ఇది గడ్డలోని కణాల్లో జరిగేది, వంశపారంపర్యంగా పిల్లలకు వెళ్లేది కాదు. అయితే ఈ జబ్బు ముప్పు కొన్ని కుటుంబాల్లో కాస్త ఎక్కువ. మీకు అన్నదమ్ములుంటే నెలకోసారి స్నానం చేసేటప్పుడు వృషణాలను తడిమి చూసుకోమనండి. చిన్నప్పుడు వృషణం సంచిలోకి దిగనివారికైతే ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

రొమ్ముల సంగతికొస్తే, హెచ్‌సీజీ మన శరీరంలో వృషణాలను పనిచేయించే ఎల్‌హెచ్ హార్మోనును పోలి ఉంటుంది. దాని ప్రభావంతో వృషణంలో ఈస్ట్రోజన్ ఎక్కువగా తయారై రొమ్ము కణజాలం పెరుగుతుంది. గడ్డ తీసేశాక ఇది చాలామందిలో మెల్లగా తగ్గుతుంది. దీనికోసం ఇప్పుడు విడిగా మందులూ వద్దు, సర్జరీ అసలే వద్దు.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. ఎవరు సలహా ఇచ్చినా వృషణంలోకి సూది గుచ్చి ముక్క తీయించుకోవద్దు. సంచి చర్మం ద్వారా కణాలు వేరే దారిలో గజ్జల్లోని లింఫ్ గ్రంథులకు చేరే ప్రమాదం ఉంది. అందుకే గజ్జల దగ్గర చిన్న కోత పెట్టి వృషణాన్ని మొత్తంగా తీస్తారు. ఏ రకం గడ్డో ఆ తర్వాత పాథాలజీ రిపోర్టులో తేలుతుంది. ఏఎఫ్‌పీ (కొన్ని రకాల వృషణ గడ్డలు తయారుచేసే ప్రొటీన్) నార్మల్‌గా ఉంది కాబట్టి సెమినోమా అనే రకం కావచ్చు. ఆ రకం ఏఎఫ్‌పీని తయారుచేయదు, హెచ్‌సీజీని మాత్రం కొందరిలో చేస్తుంది. వేరే రకాలు కూడా కావచ్చు కనుక ఇప్పుడే పేరు పెట్టలేం. జబ్బు పాకిందేమో చూడటానికి ఛాతీ, పొట్ట సీటీ స్కాన్ చేస్తారు.

మిమ్మల్ని భయపెట్టిన ఆ 310 అంకె ఇకపై మీ డాక్టరుకు దారి చూపిస్తుంది. ఆపరేషన్ తర్వాత హెచ్‌సీజీ దాదాపు ఒకటి, ఒకటిన్నర రోజుకోసారి సగానికి పడిపోవాలి. అలా పడకపోయినా, తగ్గి మళ్లీ పెరిగినా, ఎక్కడో కణాలు మిగిలాయని అర్థం. అప్పుడు కీమోథెరపీ మొదలుపెడతారు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు వచ్చాక, పాకిన దశలోనూ ఎక్కువ మందికి ఈ జబ్బు పూర్తిగా నయమవుతోంది. క్రికెటర్ యువరాజ్ సింగ్‌కు వచ్చింది ఇదే జాతి గడ్డ, కాకపోతే ఛాతీలో. 2012లో కీమో తీసుకుని అదే ఏడాది మళ్లీ భారత జట్టుకు ఆడారు.

ఒక వృషణం తీసినా రెండోది బాగుంటే దాంపత్య జీవితానికి, మగతనానికి సాధారణంగా లోటు రాదు. కీమో అవసరమైతే వీర్యకణాలు తగ్గవచ్చు. కాబట్టి ఆపరేషన్‌కు ముందే స్పెర్మ్ బ్యాంకులో వీర్యం దాచుకోండి. దానికి ఒకటి రెండు రోజులు చాలు, దాని పేరు చెప్పి సర్జరీని వాయిదా వేయకండి. పెళ్లి తేదీని మాత్రం కొంచెం వెనక్కి జరపండి. అమ్మాయికి, ఆమె ఇంట్లోవాళ్లకు విషయం చెప్పండి. కావాలంటే వాళ్లను డాక్టరు దగ్గరికే తీసుకెళ్లి మాట్లాడించండి.