గుడ్డుకీ గొడవకీ ఏం సంబంధం?

ప్రశ్న: మాస్టారూ, ఆఫీసులో ఇద్దరు వాదించుకుంటుంటే నేను నవ్వాను. మా మేనేజర్ ‘డోంట్ ఎగ్ దెమ్ ఆన్’ అన్నారు. ఇందులోకి గుడ్డెందుకొచ్చింది?
– ఓ పాఠకురాలు, చిక్కడపల్లి

జవాబు: కోడిగుడ్డుకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదమ్మా. ఈ ‘ఎగ్’ పాత నార్స్ నుంచి, అంటే స్కాండినేవియా వాళ్ల పాతకాలపు భాష నుంచి వచ్చింది. అక్కడ దానికి మూలం పదును, అంచు అనే మాట. ఇంగ్లీషు ‘ఎడ్జ్’ కూడా ఆ వంశానిదే. కత్తికి పదును పెట్టినట్టు మనిషికి పెట్టడమన్నమాట.

మొన్న నల్లకుంట మార్కెట్ దగ్గర రెండు ఆటోలు రాసుకున్నాయి. డ్రైవర్లు తిట్టుకుని చల్లబడుతుండగా, చెరుకురసం తాగుతున్న ఒకాయన గ్లాసైనా దించకుండా ‘ఏందన్నా, ఊకుంటున్నవ్? ఒక్కటియ్యరాదు!’ అన్నాడు. మళ్లీ మొదలు! ఆయన చేసిందే ఎగ్ ఆన్. మన ఉసిగొల్పడం, ఎగదోయడం. నేనూ కదలకుండా చూస్తూ నిలబడ్డాననుకోండి, అది వేరే సంగతి.

‘ఆన్’ మాత్రం వదలకండి. ఉత్త ‘ఎగ్ హిమ్’ అంటే అతని మీద గుడ్లు విసరడం అవుతుంది. పిల్లాణ్ని చదువుకోమని ‘ఎగ్ ఆన్’ చేశాననీ అనకండి, అక్కడ ‘ఎంకరేజ్’ చాలు. ఇది ఎక్కువగా తిక్క పనులకూ ప్రమాదాలకూ ఎగదోసేటప్పటి మాట. ఇలాంటిదే ఇంకో ఇంగ్లీషు మాట ‘గోడ్’ (goad) ఇంకాస్త గుచ్చుతుంది. గోడ్ అంటే అసలు ఎద్దుల్ని పొడిచే ముల్లుగర్రే.

ఇంతకీ, ఒట్టి నవ్వుకే మేనేజర్ అంత మాటన్నారంటే, అది ఎలాంటి నవ్వో నాకు అర్థమైంది.